చేతులు కట్టుకున్న తరగతి

"...అంటే పిల్లకి నోరు పెగలకపోవడానికి కారణం నేనంటావు. అంతేగా వదినా?"

"నేనేమీ అనలేదు. నీ అంతట నువ్వే అనుకుంటున్నావు. ముందు ఆ అట్ట మీద నుంచి కాలు తీయి."

లెక్కల టీచరు కాలు తీసింది. తీసిన కాలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అన్నయ్య ఇంటి ముందరి షెడ్డులో నేలంతా అట్టలే. గోడవారగా చెప్పుల డబ్బాలు, మందుల డబ్బాలు, గాజు గ్లాసుల డబ్బాలు కప్పు అంటేదాకా పేర్చి ఉన్నాయి. వదిన వాటి మధ్య పీట మీద కూర్చుని, ఎడమచేత్తో అట్ట తిప్పుతూ, కుడిచేత్తో అంచుకి జిగురు రాస్తూ, తల ఎత్తకుండానే పోట్లాడుతోంది.

"మీ హెడ్డుతో ఒక్క ముక్క చెప్పలేవా? నీ మేనకోడలే కదా."

"మేనకోడలని చెప్పి ఆపించుకుంటే రేపు బళ్ళో నా పరువేం కావాలి?"

"అయ్యో, నీ పరువు! మర్చేపోయాను. దాన్ని కూడా ఒక డబ్బాలో పెట్టిస్తాను, పట్టుకెళ్ళు. మూత గట్టిగా వేస్తాలే."

లోపలి గదిలో మేనకోడలు ఫక్కున నవ్వింది. ఆ పిల్ల చేతుల్లోనూ అట్ట మడత పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. బళ్ళో నోరు పెగలదని అందరూ తేల్చింది ఈ పిల్ల గురించే.

ఆ వీధిలో మాటకి ఒక పద్ధతి ఉంది. చేతులు పనిలో ఉంటేనే నోరు నడుస్తుంది. పెళ్ళి కబుర్లు, రోగాల కబుర్లు, పక్కింటివాళ్ళ మీద చాడీలు, అన్నీ అట్ట మడుస్తూనే, ఎవరి మొహమూ ఎవరూ చూడకుండానే సాగిపోతాయి. ఖాళీ చేతులతో ఎదురుగా నిలబడి, కళ్ళలోకి చూస్తూ మాట్లాడేది అద్దె కోసం వచ్చిన ఇంటాయన, సరుకు తిప్పిపంపే దుకాణంవాడు, చావుకబురు తెచ్చినవాడు. వాళ్ళ ముందు ఆ వీధివాళ్ళు పెదవి కదపరు. కదిపితే ఏం మీదికొస్తుందో ఎవరికి తెలుసు?

కాబట్టి వదిన తల ఎత్తకపోవడం అవమానమేమీ కాదు. లెక్కల టీచరుకి ఆ సంగతి బాగా తెలుసు. ఆమె పుట్టిందీ, నడక నేర్చిందీ ఆ అట్టల మధ్యనే.

అంతలో వదిన బ్రష్షు పక్కన పెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆడబిడ్డ మొహంలోకి చూసింది.

"వాళ్ళు కొత్తగా పెట్టే సెక్షన్‌లో దానికి డబ్బాలు చేయడం నేర్పుతారట. నా దగ్గర లేని విద్యా అది? దానికి లెక్కలు రావాలి. రేపు ఏదో ఒక ఆఫీసులో కుర్చీలో కూర్చోవాలి. నీలాగా. మరీ నీలాగా కాకపోయినా ఫర్వాలేదు."

లెక్కల టీచరు సంచీ భుజానికి తగిలించుకుని బయటికి నడిచింది.

ఇంత చదువూ చదివి, ఇంత పేరూ తెచ్చుకుని, చివరికి జిగురు డబ్బా ముందు నిలబడి మాటలు పడటం! వీధి మలుపు తిరిగేదాకా ఆమె మూతి ముడుచుకునే నడిచింది. మలుపు తిరిగాక రుమాలుతో చెప్పుకి అంటిన జిగురు తుడుచుకుని, ఆ రుమాలు కూడా పారేసింది.

ఆమె తీరే అంత. చిన్నప్పటి నుంచీ తీసిపారేయడంలో చెయ్యి తిరిగిన మనిషి. తండ్రి పనిని తీసిపారేసింది. తన తర్వాత పుట్టినవాళ్ళెవరూ చదువుకోకపోతే వాళ్ళ తెలివిని తీసిపారేసింది. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా పెదవి విరిచి, విరిచి, చివరికి ఆ మాట తెచ్చేవాళ్ళే లేకుండా చేసుకుంది. ఇప్పుడు బడికి దగ్గర్లో మేడ మీద ఒక గది, కిటికీ దగ్గర ఒక కుర్చీ, గోడకి అతి శుభ్రంగా ఒక అద్దం. ఆ ఇంట్లోకి అట్టపెట్టె అనేది రాదు. కొత్త చెప్పులు కొన్నా పెట్టె కొట్లోనే వదిలేసి వస్తుంది.

అట్టపెట్టెల మీద ఆ అసహ్యానికి బీజం టీచర్ల శిక్షణ కాలేజీలో పడింది. ఒకరోజు పాఠం మధ్యలో ఆమె వేళ్ళు తమంతట తామే బల్ల కింద కాగితం మడుస్తున్నాయి. లెక్చరరు చూసి ఆ మడతని పైకెత్తి అందరికీ చూపించాడు. "ఇదిగో, మనకో పెట్టెల ఫ్యాక్టరీ దొరికింది" అన్నాడు. క్లాసంతా పగలబడి నవ్వింది. ఆమె కూడా నవ్వింది, నవ్వకపోతే ఇంకా నవ్వుతారని. ఆ రోజు నుంచి క్లాసులో కూర్చున్నంతసేపూ చేతులు చంకల్లో పెట్టి బిగించి కట్టుకునేది. వేళ్ళు కనబడేవి కావు.

టీచరయ్యాక అదే క్రమశిక్షణ అని పేరు పెట్టి పిల్లలకి నేర్పింది. ఆమె క్లాసులో అడుగుపెడితే అందరూ చేతులు కట్టుకోవాలి. బొటనవేలు కూడా బయటికి రాకూడదు. రాయమన్నప్పుడే చేతులు విప్పాలి, రాయగానే మళ్ళీ కట్టేసుకోవాలి. పిల్లలు ఆమెకి 'స్కేలు' అని పేరు పెట్టుకున్నారు. బడికి ఎవరు పెద్దలొచ్చినా హెడ్మాస్టరు ముందుగా ఆమె క్లాసు గుమ్మం దగ్గరికే తీసుకొచ్చేవాడు. "చూశారా, చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది" అనేవాడు. ఆమె ముక్కు మీది కళ్ళద్దాలు సర్దుకుంటూ నిలబడేది. ఆ హెడ్మాస్టరంటే కూడా ఆమెకి చిన్నచూపే. ఎవరేమన్నా తలాడించే మనిషి. తలాడించడం తప్ప మెడకి వేరే పని లేదు.

ఆరో తరగతికి చెప్పే చిన్న లెక్కల మాస్టారంటే మరీనూ. ఆయన పాఠం చెబుతూ చెబుతూ ఊడిన కుర్చీ కాలు బిగిస్తుంటాడు, గడియారం వెనక మూత తీసి గెలుకుతుంటాడు, పిల్లల పెన్సిళ్ళన్నీ పోగేసి చెక్కుతుంటాడు. ఆయన క్లాసు సంతలా ఉంటుంది. ఆ సంతలోంచి పిల్లలు పైతరగతికి కూడికలూ తీసివేతలూ నేర్చుకునే వస్తారు. అది ఎలా జరుగుతుందని ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. ఆయన గురించి ఆలోచించడమే ఆమెకి నామోషీ.

ఇలాంటి బడికి పైనుంచి ఒకాయన్ని పంపారు. పిల్లల గొంతు వినాలట. పిల్లల ఇళ్ళలో ఉన్న పద్ధతుల్ని బట్టి పాఠం ఎలా చెప్పాలో టీచర్లకి నేర్పాలట. ఆయన ఎక్కడికెళ్ళినా చేతిలో చిన్న మైకు పట్టుకెళ్ళేవాడు, పడుకునేటప్పుడైనా పక్కన పెడతాడో లేదో తెలియదు. మొదటిరోజే స్టాఫ్‌రూమ్‌లో ఆయనకి 'మైకు' అని నామకరణమైపోయింది.

"ప్రతి పిల్లా తన ఇంటి సంస్కృతిని భుజాన మోసుకుంటూ బడికి వస్తుంది" అన్నాడు మైకు మొదటి సమావేశంలో.

"మావాళ్ళు పుస్తకాల సంచీనే సరిగ్గా మోయరు సార్" అన్నాడు చిన్న మాస్టారు.

అందరూ నవ్వారు. లెక్కల టీచరుకీ నవ్వొచ్చింది కానీ, ఆ మాట అన్నది చిన్న మాస్టారు కాబట్టి నవ్వలేదు.

మైకు తర్వాత ఆమె క్లాసుకి వచ్చాడు. ఎనిమిదో తరగతి బి సెక్షన్. సగం మంది అట్టపెట్టెల వీధి పిల్లలు. ఒక్కొక్కరినీ నిలబెట్టి, మూతి దగ్గర మైకు పెట్టి, కళ్ళలోకి ఆప్యాయంగా చూస్తూ అడిగాడు.

"మీ టీచరు మీకు పాఠం ఎలా చెబితే బాగుంటుంది?"

"బాగా" అన్నాడు మొదటివాడు.

"అంటే ఎలా?"

"బాగా సార్."

రెండోవాడూ "బాగా" అన్నాడు. మూడో పిల్ల కూడా అంతే. మేనకోడలు మైకు వంక చాలాసేపు చూసి, "ఇది ఆన్‌లోనే ఉందా సార్?" అంది. ఆ రోజు ఆ పిల్లలు మాట్లాడిన వాటిలో అదే పెద్ద వాక్యం.

మర్నాడు రంగు కాగితాలు తెచ్చాడు. మీ ఇళ్ళలో పెట్టెలు చేస్తారట కదా, ఇక్కడా చేసి చూపించండి అన్నాడు. పిల్లలు కన్ను మూసి తెరిచేలోగా చేసేసి బల్ల మీద పేర్చారు. పేర్చి మళ్ళీ చేతులు కట్టుకున్నారు.

"ఇవి ఎవరి ఆర్డరు సార్?" అన్నాడొకడు.

"ఆర్డరు కాదు నాన్నా. ఊరికే."

"ఊరికేనా?"

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంత చదువుకున్న మనిషి ఊరికే డబ్బాలు చేయించడమేమిటో వాళ్ళకి అంతుపట్టలేదు. జాలిపడ్డట్టు ఇంకెవరూ ఏమీ అడగలేదు.

లెక్కల టీచరు వెనక నిలబడి ఇదంతా చూసింది. కొండను తవ్వి ఎలుకని పట్టినవాళ్ళ గురించి విన్నాను గానీ, ఇతగాడు కొండ ఎదురుగా ఉండగా పక్కనున్న గోడని తవ్వుతున్నాడు అనుకుంది. ఆ పిల్లలు ఎందుకు నోరు విప్పరో ఆమెకి తెలుసు. ఒక్క మాటలో చెప్పొచ్చు. కానీ ఆ మాట 'మా వీధిలో' అని మొదలుపెట్టాలి. ఈ మైకు ముందు, ఆ తలాడించే మనిషి ముందు, 'మా వీధిలో' అనడమా? చెవిటివాడి ముందు శంఖం ఊదడం కోసం తన పరువు తీసుకోవడమా?

ఇంకొకటి కూడా ఉంది. ఆ సగం మందీ వేరే ఎక్కడికైనా వెళ్ళిపోతే ఆమె క్లాసులో ఏటా పాసయ్యేవాళ్ళ లెక్క నిఖార్సుగా మెరుస్తుంది. ఆ ఆలోచన వచ్చిన మాట ఆమె తనకి తాను కూడా చెప్పుకోలేదు.

వారం తిరక్కుండా మైకు తేల్చేశాడు. ఈ పిల్లలకి తమని తాము వ్యక్తం చేసుకునే భాష లేదు. ఉన్నదంతా చేతుల్లోనే ఉంది. కాబట్టి వాళ్ళని వేరే సెక్షన్‌గా చేసి, వాళ్ళ వారసత్వమైన పెట్టెల పనినే గౌరవంగా నేర్పాలి. ఆల్జీబ్రా లాంటి భారాలు వాళ్ళ మీద మోపకూడదు. హెడ్మాస్టరు తలాడించాడు. తల్లిదండ్రుల్ని పిలిచి, పిల్లల్ని ఒక్కసారి అడిగి, సంతకం పెట్టేయడమే తరువాయి. వదిన పోట్లాటంతా దాని గురించే.

సమావేశం రోజు హాల్లో కుర్చీలు వేశారు. పెట్టెల వీధి పిల్లలందరినీ ముందు వరసలో కూర్చోబెట్టారు. వెనక తల్లులు. వదిన కూడా వచ్చింది. ఏమీ తోచనట్టు ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరో పోయిన ఇంటికి వచ్చినదానిలా కూర్చుంది. ప్రదర్శన కోసమని మైకు మడతపెట్టని అట్టల కట్ట ఒకటి తెప్పించి బల్ల మీద పెట్టాడు.

"మీకు ఈ కొత్త సెక్షన్ ఇష్టమేనా? భయపడకుండా చెప్పండి. ఇది మీ గొంతు వినే వేదిక" అన్నాడు.

పిల్లలు చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"ఇష్టం లేనివాళ్ళు చెప్పొచ్చు" అన్నాడు హెడ్మాస్టరు.

ఎవరూ చెప్పలేదు.

"మౌనం అంగీకారమే కదా" అని మైకు హెడ్మాస్టరు వైపు కాగితం జరిపాడు.

లెక్కల టీచరు మేనకోడలి వంక చూసింది. ఆ పిల్ల చేతులు చంకల్లోకి బిగించుకుని ఉంది. ఒక్క వేలు కూడా బయటికి కనబడటం లేదు. ఇంత బాగా తను కూడా కట్టుకునేది కాదేమో. హెడ్మాస్టరు కలం మూత తీశాడు.

ఆమె లేచి వచ్చి బల్ల మీది అట్టల కట్ట తీసుకుంది. సగం ముందు వరసలో పిల్లల ఒళ్ళో పడేసింది. మిగతా సగం తీసుకుని వేదిక మెట్టు మీద, నేల మీదే, చతికిలబడింది. హాల్లో గుసగుసలు లేచాయి. ఆమె ఎవరినీ చూడలేదు. ఒక అట్ట తీసి గీత వెంబడి మడుస్తూ, మొహం అట్టలోనే పెట్టుకుని అడిగింది.

"ఎక్స్‌ని రెండింతలు చేసి అందులోంచి మూడు తీసేస్తే పదకొండు మిగిలింది. ఎక్స్ ఎంత?"

కొంచెంసేపు అట్టల చప్పుడే. అది ఒక చోట మొదలై, రెండు చోట్లయి, వరసంతా పాకింది.

"ఏడు" అంది ఒక గొంతు.

"ఎలా?"

"తీసుకున్న మూడూ వెనక్కి ఇచ్చేస్తే పద్నాలుగు. సగం చేస్తే ఏడు."

"సమానం గుర్తుకి రెండు వైపులా ఎక్స్ ఉంటే?"

"ఒకవైపుకి తెచ్చుకోవాలి. లేకపోతే ఎంత చేసినా తేలదు."

"ఎవరు చెప్పారు?"

"మీరే చెప్పారు కదా టీచర్. పోయిన నెల. మేం విన్నాం."

"వినకేం! వీడు నిద్రపోతూ కూడా వింటాడు."

"నోర్ముయ్రా. నువ్వు మాత్రం? నిద్రలో ఎక్స్‌ని తన్నుతున్నావని మీ అమ్మ చెప్పింది."

వెనక తల్లులు నవ్వారు. ఒకడు ఇంకో లెక్క అడగమన్నాడు. ఇంకొకడు అడక్కముందే జవాబు చెప్పాడు, అది తప్పని పక్కపిల్ల మోచేత్తో పొడిచింది. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఎవరూ తల ఎత్తడం లేదు. హెడ్మాస్టరు కలం గాల్లోనే ఆగిపోయింది.

"టీచర్ మడత చూడండ్రా" అన్నాడు చివరివాడు. "పట్టుకుంటే అడుగు ఊడిపోతుంది."

"అంచు పక్కకి పోయింది అత్తా" అంది మేనకోడలు. బళ్ళో ఆ పిలుపు వాడకూడదని కట్టడి చేసి ఉంచింది. పిల్ల మర్చిపోయిందో, గుర్తుండే అన్నదో తెలియదు. "ఇటు తిప్పు. ముందు పొట్టి వైపు మడవాలి."

లెక్కల టీచరు పొట్టి వైపు మడిచింది. చెవులు వేడెక్కాయి.

"అద్భుతం!" అన్నాడు మైకు. లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. "చూశారా సార్? నేను చెప్పింది ఇదే! చేతిపనే వీళ్ళ భాష! బాబూ, నువ్వు చెప్పు. రోజూ ఇలా డబ్బాలు చేసే క్లాసు ఉంటే బాగుంటుంది కదూ?"

"ఇంట్లో చేస్తూనే ఉన్నాం కదా సార్" అన్నాడు వాడు మడుస్తూనే. "మళ్ళీ ఇక్కడ కూడానా?"

"ఇది మీ వారసత్వం కదా!"

"మీకు కావాలంటే మీరు తీసుకోండి సార్."

తల్లుల్లో ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మైకు నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, తీయడం ఎలాగో తెలియనట్టు.

"మరి ఇన్నాళ్ళూ అడుగుతుంటే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు హెడ్మాస్టరు మేనకోడలితో.

"అడిగేవాళ్ళు చేతులు ఊపుకుంటూ వచ్చి, ఎదురుగా నిలబడి అడుగుతుంటే ఏం చెబుతాం సార్? మా వీధిలో అలా అడిగేది అద్దె కోసం వచ్చినవాళ్ళే. చేతులకి ఏదో ఒక పనుంటే మాట దానంతటదే వస్తుంది. డబ్బాలే చేయక్కర్లేదు. ఏదైనా సరే."

"ఇది రాసుకోవాలి" అని మైకు తన చేతిలోని మైకుని బల్ల మీద పెట్టి జేబులో కలం వెతుక్కుని రాయడం మొదలుపెట్టాడు.

"ఆ, ఇప్పుడు బాగున్నారు సార్" అన్నాడు చివరివాడు.

ఈసారి హాలంతా నవ్వింది. నవ్వితే పోయేదేముందని హెడ్మాస్టరు కూడా నవ్వాడు. కలానికి మూత పెట్టేశాడు. కొత్త సెక్షన్ మాట విరమించుకున్నామన్నాడు. ఎనిమిది బి ఎప్పటిలాగే ఉంటుందన్నాడు. ఇలాంటి టీచరు దొరకడం మీ అదృష్టం అన్నాడు. వెనక వదిన ఊపిరి వదిలి, పక్కామె జడ చివర విడిపోతుంటే అడక్కుండానే అందుకుని అల్లడం మొదలుపెట్టింది.

లెక్కల టీచరు మెట్టు మీద నుంచి లేవబోయింది. గెలిచినట్టే ఉంది. మైకు మొహం చూస్తే ఆ గెలుపు ఇంకా రుచిగా ఉంది.

"లెక్కలు కావాలి సార్" అంది మేనకోడలు, అట్ట అంచు గోటితో నొక్కుతూ. "టీచర్ వద్దు."

"ఏయ్!" అంది వదిన వెనక నుంచి.

"ఏమిటమ్మా అది?" అన్నాడు హెడ్మాస్టరు.

"ఈ టీచర్ వద్దు సార్. మేమంటే ఆవిడకి అసహ్యం."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. మా పుస్తకం చూడ్డానికి దగ్గరికి వస్తే ఊపిరి బిగబట్టుకుంటుంది. చూడ్డం అయ్యాక కిటికీ దగ్గరికెళ్ళి వదులుతుంది. మిగతా పిల్లలెవరి దగ్గరా అలా చేయదు. మా దగ్గరే."

"అవును సార్" అన్నాడు చివరివాడు. "మేం పందెం కూడా వేసుకుంటాం, ఎంతసేపు బిగబట్టుకుంటుందో."

ఎవరూ నవ్వలేదు. అట్టల చప్పుడు కూడా ఆగింది. మైకు రాయడం ఆపి, బల్ల మీదున్న మైకుని అందుకుని, మెల్లగా ఆపేశాడు.

"చిన్నపిల్లల మాటలు మేడమ్" అన్నాడు హెడ్మాస్టరు గబగబా. "మీరేమీ పట్టించుకోకండి. అమ్మా, టీచరుగారికి క్షమాపణ చెప్పు."

"వద్దు" అంది లెక్కల టీచరు.

ఆమె వదిన వైపు చూసింది. వదిన చేతులు మళ్ళీ ఒళ్ళో ఉన్నాయి. మేనకోడలి వైపు చూసింది. ఆ పిల్ల ఎత్తిన తల దించుకోలేదు. ఒకప్పుడు తను మాత్రమే చూడగలననుకున్న చూపు అది. ఎదుటి మనిషిని ఆసాంతం కొలిచి, పక్కన పెట్టేసే చూపు. పిల్ల ఎక్కడ నేర్చుకుందో అడగక్కర్లేదు.

"పిల్లల మాట వినాలనేగా సార్ ఇదంతా" అంది టీచరు. బల్ల పట్టుకుని పైకి లేచింది. వెనక వరసలో చిన్న మాస్టారు కుర్చీ చేతి మేకు ఒకటి పట్టుకుని బిగిస్తూ ఉన్నాడు.

"ఎనిమిది బి లెక్కలు రేపట్నుంచి చిన్న మాస్టారు చెబుతారు. ఆయన ఆరో తరగతి నేను తీసుకుంటాను" అంది.